రైలు బ్రిడ్జి కింద ఎత్తైన బండ్లు: గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

వరికోతలు మొదలయ్యాయంటే భీమవరం, తణుకు, సామర్లకోట చుట్టుపక్కల నుంచి ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. ఫలానా అండర్ బ్రిడ్జి కింద గడ్డి లారీ పడుతుందా, హైట్ గేజ్‌కి (ఎత్తు బండ్లని ముందే ఆపడానికి రోడ్డుకి అడ్డంగా పైన కట్టిన ఇనప పట్టాకి) తగిలితే ఎవరికి చెప్పాలి, రోడ్డు లోతుగా తవ్విస్తే సరిపోదా అని. రొయ్యల కంటైనర్లవాళ్ళూ, వినాయక చవితికి కమిటీ కుర్రాళ్ళూ అవే అడుగుతారు. అందరికీ పనికొచ్చేలా ఒకచోట రాసి పెడుతున్నాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి.

మన డెల్టాలో ఈ ఇబ్బంది ఎక్కువ. నేల పల్లం. రైలుకట్ట పెద్ద ఎత్తు ఉండదు కాబట్టి కట్ట కింద దారి కావాలంటే నేలలోకి తవ్వాల్సిందే. పైగా రోడ్డుకి ఒక పక్క కాలవ, ఇంకో పక్క పంటబోదె. బ్రిడ్జి ఎదురుగా ఆగిపోయాక లారీ తిప్పుకునే చోటు ఉండదు. జాగ్రత్త ఏదైనా బ్రిడ్జికి ముందున్న చివరి మలుపు లోపే పడాలి.

## లోడు ఎత్తేటప్పుడు

బాడీ కట్టిన షెడ్డువాళ్ళు ఎత్తు చెప్పారు. మళ్ళీ కొలవాలా?

కొలవాలి. వాళ్ళు చెప్పింది బాడీ ఎత్తు. ముందుగా తగిలేది దాని మీద ఉన్నది: బస్తాల పై వరస, టార్పాలిన్ మడత, తాడు ముడి, క్యాబిన్ మీద కట్టిన సామాను. మిల్లులో సిమెంటు నేల మీద బండి నిలపండి. వంకర లేని వెదురు గడ ఒకటి తీసుకుని లోడులో అన్నిటికంటే ఎత్తైన చోట అడ్డంగా పెట్టి, కొన బండి పక్కకి బయటికి వచ్చేలా ఒకరు పైనుంచి పట్టుకోవాలి. గడ వాలకుండా ఉందో లేదో ఇంకొకరు దూరంగా నిలబడి చూసి, ఆ కొన నుంచి నేలకి టేపు వదలాలి. వచ్చిన లెక్కకి 10 సెంటీమీటర్లు కలిపి, మీటర్లలోనూ అడుగుల్లోనూ చీటీ రాసి స్టీరింగు ఎదురుగా అద్దానికి లోపలి వైపు అంటించండి. లోడు మారితే చీటీ మారాలి. దారిలో డ్రైవరు మారినా ఆ అంకె బండిలోనే ఉంటుంది.

లోడుతో వెళ్ళిన దారే. ఖాళీగా తిరిగొస్తుంటే టాపు తగిలింది, ఎలా?

బరువు దిగగానే కమాన్ కట్టలు, అంటే బండి కింది స్ప్రింగు పట్టీలు, పైకి లేస్తాయి. టైర్లు కూడా నొక్కుడు తగ్గి కొంచెం లేస్తాయి. అంతా కలిపి కొన్ని సెంటీమీటర్లే, కానీ బ్రిడ్జి కింద సందు కూడా అంతే ఉంటే తగులుతుంది. క్లోజ్డ్ బాడీ, కంటైనర్ బండ్లకి ఖాళీగా ఉన్నప్పటి ఎత్తునే అసలు ఎత్తుగా పెట్టుకోండి. కట్టలు కొత్తవి వేయించినా, టైరు సైజు మార్చినా మళ్ళీ కొలవండి.

చట్టం ప్రకారం లారీ ఎంత ఎత్తు ఉండొచ్చు?

మామూలు సరుకు లారీకి 4 మీటర్ల దరిదాపు. అంటే సుమారు 13 అడుగులు. లోడు అనుమతించిన ఎత్తు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20,000 రూపాయల జరిమానా, దానికి తోడు ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు కూడా మీదే. అయితే చట్టం ఒప్పుకున్న ఎత్తు వేరు, మీ ఊరి అండర్ బ్రిడ్జి ఒప్పుకునే ఎత్తు వేరు. అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్న లారీ కూడా 3.5 మీటర్ల బ్రిడ్జి కింద పట్టదు.

రొయ్యల కంటైనర్లన్నీ ఒకే ఎత్తు కాదా?

కాదు. మామూలు కంటైనర్ ఎత్తు 8 అడుగుల 6 అంగుళాలు. హైక్యూబ్ అనేది 9 అడుగుల 6 అంగుళాలు. ఎగుమతికి వెళ్ళే 40 అడుగుల ఫ్రీజర్ కంటైనర్లు ఎక్కువగా హైక్యూబ్‌లే. ట్రైలరు బెడ్డు నేల నుంచి 5 అడుగులు అనుకుంటే పై అంచు 14 అడుగుల 6 అంగుళాలకి, అంటే 4.4 మీటర్లకి చేరుతుంది. గుర్తుపట్టడం తేలిక: హైక్యూబ్ పై మూలల దగ్గర పసుపు, నలుపు చారలు ఉంటాయి. మొన్న ఇదే దారిలో కంటైనర్ వెళ్ళిందని ఎవరైనా చెబితే, చారలున్నదా లేనిదా అని అడగండి.

గడ్డి మెత్తనిదే కదా. కాస్త తగిలినా వంగి పోతుంది కదా?

పై నాలుగు పరకలు వంగుతాయి. లోపల తాడేసి బిగించిన లోడు వంగదు. గడ్డి లారీలో ఎత్తు ఎంత ప్రమాదమో దాని తీరు కూడా అంతే ప్రమాదం: లోడు బాడీ దాటి నాలుగు పక్కలా ఉబ్బి ఉంటుంది, గతుకుల్లో ఊగుతుంది, ఒక పక్కకి ఒరిగితే రెండో పక్క పైకి లేస్తుంది. పై వరస అడ్డ పట్టాకి చిక్కుకుంటే తాడు తెగి, వెనక వస్తున్న మోటారు సైకిళ్ళ మీదకి కట్టలు జారతాయి. తాడు బిగించడానికి పైన వేసిన వెదురు గడలు నేరుగా గర్డరుకే, అంటే పట్టాలని మోసే బ్రిడ్జి దూలానికే తగులుతాయి. దారిలో కరెంటు తీగ తగిలిందంటే మొత్తం లోడు తగలబడిపోతుంది. రెండు ట్రిప్పుల గడ్డి ఒకే ట్రిప్పులో వేస్తే డీజిలు మిగిలే మాట నిజమే. కానీ దారిలో అండర్ బ్రిడ్జి ఉంటే లోడు ఎంత వేయాలో డీజిలుని బట్టి కాక ఆ బ్రిడ్జి అంకెని బట్టి చూసుకోవాలి. మిషనుతో చుట్టిన కట్టలైతే వరసలు లెక్కపెట్టి ఎత్తు ముందే తేల్చుకోవచ్చు. విడిగడ్డి అయితే లోడు పూర్తయ్యాక కొలవక తప్పదు.

చెరువు తవ్వే పొక్లెయిన్‌ని ట్రైలరు మీద ఎక్కించాం. ఎక్కడ కొలవాలి?

బూమ్ మడత దగ్గర. బకెట్ బెడ్డు మీద ఆనించి మడిచినా ఆ మోచేయి క్యాబిన్ కంటే పైనే ఉండొచ్చు. వరికోత మిషనుకైతే ధాన్యం పోసే గొట్టం, పైన గొడుగు, పొగగొట్టం చూడండి. విప్పదగ్గవి విప్పి కట్టేయండి. టిప్పరు, ట్రాక్టరు ట్రక్కు నడిపేవాళ్ళకి ఇంకో మాట: మట్టి దింపాక బాడీ పూర్తిగా కిందకి దిగిందో లేదో బండి దిగి చూడండి. సగం లేచిన బాడీతో బయల్దేరితే క్యాబిన్‌లో కూర్చున్నవాళ్ళకి తెలియదు.

కడియం నుంచి పెద్ద పామ్ చెట్లు తీసుకెళ్తున్నాం. ఆకులు తగిలినా ఇబ్బందేనా?

ఆకుల కొసలతో ఇబ్బంది లేదు. మొవ్వు దగ్గరున్న మాను గట్టిది. చెట్టుని నిలబెట్టకుండా వేరుముద్ద ముందుకి, తల వెనక్కి వచ్చేలా వాల్చి, ఆకుల్ని గోనెపట్టాతో చుట్టి కట్టండి. కొలత మొవ్వు దగ్గర తీసుకోండి.

## దారి చూసుకునేటప్పుడు

ఫోన్లో మ్యాపు చూపించిన దారినే వెళ్ళాం. తప్పేంటి?

మ్యాపు చూపించేది కారు దారి. మీది ఎంత ఎత్తు బండో దానికి తెలియదు. దగ్గరి దారి అని కాలవ గట్టు మీదకి మళ్ళించి నేరుగా అండర్ బ్రిడ్జి ముందు నిలబెడుతుంది. కొత్త ఊరికి లోడు వేసుకునేటప్పుడు అక్కడి ట్రాన్స్‌పోర్టువాళ్ళకో మిల్లుకో ఫోను చేసి ఒకే ప్రశ్న అడగండి: రైలు లైను ఎక్కడ దాటాలి, గేటా, పై బ్రిడ్జా, కింద దారా? కింద దారి అంటే దాని అంకె కనుక్కోండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఇంటర్నెట్ మ్యాపులో వంతెనల ఎత్తు ఎవరైనా నమోదు చేయొచ్చు. మీ చుట్టుపక్కల బోర్డుల అంకెలు చదువుకున్న పిల్లల చేత ఎక్కించండి. బయటి డ్రైవర్లకి ఎంతో మేలు.

ఇదివరకు ఇక్కడ గేటుండేది, అన్ని బండ్లూ పోయేవి. ఇప్పుడెందుకు పట్టడం లేదు?

గేటు దగ్గర బండి పట్టాల మీదుగా దాటేది. పైన అడ్డు కరెంటు తీగ ఒక్కటే. గేటు తీసేసి కింద కట్టినది తక్కువ ఎత్తు సబ్‌వే, కార్లకీ ఆటోలకీ ట్రాక్టర్లకీ సరిపోయేది. బ్రాడ్‌గేజ్‌లో కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరికల్లా తీసేశారు. కాపలా ఉన్న గేట్లు కూడా ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. ప్రాణాలు కాపాడిన పని అది, అందులో సందేహం లేదు. కానీ గడ్డి లారీలకి పాత అలవాటు పోలేదు. గేటు మూసే ముందు రైతులతో మాట్లాడి, ఎత్తు బండ్లకి చుట్టుదారి ఏదో బోర్డు మీద రాసి పెట్టాలి. మన ఊళ్ళల్లో తరచుగా జరగనిది అదే.

పోయిన ఏడు పట్టిన లారీ ఈ ఏడు తగిలింది. బ్రిడ్జి దిగిందా?

బ్రిడ్జి దిగలేదు, రోడ్డు పెరిగింది. తారు పొర ఒక్కోటి నాలుగైదు సెంటీమీటర్లు. పాతది చెక్కకుండా మూడు సార్లు వేస్తే అరడుగు పోయినట్టే. వరద నీళ్ళు తీశాక మిగిలిన ఒండ్రు, గుంతలు పూడ్చిన రాళ్ళ గుట్ట కూడా ఎత్తు తింటాయి. రోడ్డు వేసిన వారంలోనే టేపుతో కొలిచి బోర్డు మీద అంకె మార్చాలి. మారలేదంటే ఆ బోర్డుని నమ్మొద్దు, దిగి కొలవండి.

బోర్డు మీద 3.5 మీ. అని ఉంది. అడుగుల్లో ఎంత?

11 అడుగుల 5 అంగుళాలు. 3 మీటర్లంటే 9 అడుగుల 10 అంగుళాలు. 4 అంటే 13 అడుగుల 1 అంగుళం. 4.5 అంటే 14 అడుగుల 9 అంగుళాలు. ఇవన్నీ పై చిల్లర వదిలేసి చెప్పిన లెక్కలు, అలా వదిలేయడమే క్షేమం. ఎర్ర అంచున్న గుండ్రటి తెల్ల బోర్డులో అంకెకి పైనా కిందా నల్ల బాణం మొనలు ఉంటే అది ఎత్తు. అటూ ఇటూ ఉంటే వెడల్పు.

మామూలు గేటు దగ్గర కూడా ఇనప అడ్డ పట్టా ఎందుకు?

అక్కడ కాపాడాల్సింది మిమ్మల్నే. పైన తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. గేటు దగ్గర ఆ తీగ కనీసం 5.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది, హైట్ గేజ్ 4.67 మీటర్ల దగ్గర పెడతారు. ఆ కరెంటుకి ముట్టుకోనక్కర్లేదు, దగ్గరకి వెళ్తే చాలు, దూకుతుంది. గేజ్‌కి తగిలిన లోడుని ఎట్టి పరిస్థితిలోనూ గేటు దాటించకండి. క్లీనర్ని లోడు ఎక్కించి తాడు సరిచేయించే పని గేటుకి బాగా ఇవతలే అయిపోవాలి.

## బ్రిడ్జి ఎదురుగా వచ్చాక

అనుమానం వచ్చి ఆగాను. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఏం చేయను?

ఆగడమే సరైన పని. హారన్ కొట్టినవాళ్ళెవరూ రేపు మీ తరఫున పోలీస్ స్టేషన్‌కి రారు. హజార్డ్ లైట్లు వేయండి, దిగండి, క్లీనర్ని వెనక్కి పంపి బండ్లు ఆపించండి. అద్దం మీద చీటీ, బ్రిడ్జి మీద అంకె పోల్చి చూడండి. పట్టదని తేలితే వెనక్కి వెళ్ళాల్సిందే. కాలవ గట్టు మీద పెద్ద బండి వెనక్కి పోనివ్వడం ఒక్కరి పని కాదు. ఇద్దరు నడుస్తూ దారి చూపాలి, ఒకరు కాలవ వైపు అంచునే చూడాలి. ట్రాఫిక్ ఆగిపోయి ఉంటే 112 కి ఫోను చేసి పోలీసు సాయం అడగండి.

నెమ్మదిగా పోనిస్తూ, టైర్లలో గాలి కొంత తీస్తే దాటిపోమా?

బ్రిడ్జి కింద ఈ ప్రయోగం వద్దు. గాలి తీస్తే దిగేది కొద్ది సెంటీమీటర్లు, అది కూడా అన్ని టైర్లకీ ఒకేలా దిగదు. లోడు మీద టైరు నలిగిపోతుంది. పైగా అండర్ బ్రిడ్జిలో రోడ్డు గిన్నెలా లోపలికి దిగి మళ్ళీ పైకి ఎక్కుతుంది. పొడవాటి ట్రైలరు ముందు చక్రాలు ఒక వాలు మీద, వెనక చక్రాలు రెండో వాలు మీద ఉన్నప్పుడు నడుం భాగం రోడ్డు నుంచి పైకి లేచి ఉంటుంది. ముందు భాగం దాటింది కదా అని పోనిస్తే మధ్యలో ఇరుక్కుంటుంది. లైను డబ్లింగ్ అయిన చోట, అంటే పక్కనే రెండో లైను వేసిన చోట, రెండు బ్రిడ్జిలు పక్కపక్కనే ఉంటాయి, పాతదీ కొత్తదీ ఒకే ఎత్తులో ఉండాలని లేదు. మొదటిది దాటాక రెండో దాని కింద ఆగిపోయిన బండి రెండు లైన్లనీ ఆపిస్తుంది.

లోడు మీద కూలీలు కూర్చుని ఉన్నారు. వంగి కూర్చుంటే చాలదా?

దింపేయండి. దయచేసి దింపేయండి. ఈ జాబితాలో అన్నిటికంటే ముఖ్యమైన జవాబు ఇదే. లోడు కింద నుంచి దాటుతుందని డ్రైవరు చూసుకుంటాడు, పైన కూర్చున్న మనిషి మూడడుగులు ఆ లెక్కలో ఉండదు. కోతలు కోసి అలిసిన మనుషులు గడ్డి మీద పడుకుని నిద్రపోతారు, బ్రిడ్జి వస్తోందని ఎవరూ లేపరు. రాత్రిపూట ఆ అడ్డ పట్టా పైనున్నవాళ్ళకి కనిపించదు. ట్రాక్టరు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నా సెకనుకి 18 అడుగులు కదులుతుంది, వంగేలోపే తల తగులుతుంది. సరుకు మీద మనుషుల్ని ఎక్కించడం చట్టప్రకారం కూడా తప్పే. రైతులు కూలీలకి ఆటో మాట్లాడండి. ఆ ఖర్చు గడ్డి ధరలో కలుపుకోండి.

వానకి నీళ్ళు నిలిచాయి. పోవచ్చా?

పోవద్దు. లోతు తెలియదు, కింద రోడ్డు కొట్టుకుపోయిందో తెలియదు. లారీ దాటినంత మాత్రాన వెనక ఆటో దాటలేదు.

## తగిలిన తర్వాత

కొంచెమే గీసుకుంది, బ్రిడ్జికేమీ కాలేదు. వెళ్ళిపోవచ్చా?

వెళ్ళకూడదు. కింద నుంచి చూస్తే గీతే కనిపిస్తుంది. అసలు చూడాల్సింది పైన: గర్డరు తన దిమ్మె మీద నుంచి పక్కకి జరిగిందా, పట్టాలు వంకర తిరిగాయా అని. ఒక అంగుళం జరిగినా కింద నిలబడ్డవాళ్ళకి తెలియదు, పైన వచ్చే రైలుకి తెలుస్తుంది. రైల్వే ఇంజినీరింగ్ సిబ్బంది వచ్చి చూస్తారు, రైళ్ళు ఆపాలో, నెమ్మదిగా పంపాలో వాళ్ళే తేలుస్తారు. బండి ఇరుక్కుని ఉంటే మీరే లాగేయకండి. లాగేటప్పుడు గర్డరు ఇంకా జరగొచ్చు.

ఎవరికి చెప్పాలి? ఏం చెప్పాలి?

రైల్వే హెల్ప్‌లైన్ 139, పోలీసులకి 112. దగ్గర్లో గేటో స్టేషనో ఉంటే ఒకరిని పరిగెత్తించండి, గేట్‌మ్యాన్ దగ్గరున్న ఫోను నేరుగా స్టేషన్ మాస్టరుకి వెళ్తుంది. బ్రిడ్జి గోడ మీద బ్రిడ్జి నంబరు పెయింటుతో రాసి ఉంటుంది, ముందు అది చెప్పండి. భీమవరం దగ్గర అంటే రైల్వేవాళ్ళకి ఏ బ్రిడ్జో తెలియదు. నంబరు కనిపించకపోతే కట్ట మీదున్న కరెంటు స్తంభం మీది అంకెలు చదివి చెప్పండి, ఏ రెండు స్టేషన్ల మధ్యో చెప్పండి. తరవాత ఏ బండి తగిలింది, ఇంకా ఇరుక్కుని ఉందా, పైన ఏమైనా వంగినట్టు కనిపిస్తోందా.

ఫోను కలవలేదు, రైలు వస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఏం చేయాలి?

రైలు వచ్చే దిక్కుకి, పట్టాల పక్కన కట్ట మీద, వీలైనంత దూరం పరిగెత్తండి. వేగంగా వచ్చే రైలు ఆగడానికి దాదాపు కిలోమీటరు పడుతుంది. పగలైతే ఎర్ర గుడ్డ ఊపండి. లేకపోతే రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడండి, లోకో పైలట్‌కి అది ఆగమన్న సైగే. రాత్రయితే ఫోన్ లైటు గట్టిగా అటూ ఇటూ ఊపండి. పట్టాల మధ్యకి మాత్రం వెళ్ళకండి.

కేసు పెడతారా? ఇన్సూరెన్స్ వస్తుందా?

అజాగ్రత్తతో రైలు ప్రయాణికులకి ప్రమాదం తెచ్చిపెడితే రైల్వే చట్టం 1989 సెక్షన్ 154 కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇన్సూరెన్సులో మీ బండి నష్టం వేరు, రైల్వే ఆస్తి నష్టం వేరు. రెండో దానికి పాలసీలో పరిమితి రాసి ఉంటుంది, దాటినది ఓనరు జేబులోంచే. లోడు ఎత్తు అనుమతి దాటి ఉంటే కంపెనీ అభ్యంతరం పెట్టే అవకాశం ఉంది. కొలిచిన చీటీ, ఫోటో ఉంటే మీరు జాగ్రత్త పడ్డారనడానికి ఆధారం.

## ఊరివాళ్ళు, పంచాయతీలు అడిగేవి

హైట్ గేజ్ ఎక్కడ పెట్టించాలి?

బ్రిడ్జి ముందు ఒకటి ఉండాల్సిందే, అది రైల్వే పని. పాత పట్టాలతో చేసిన ఆ గేజ్ కింద నిలబడి ఒకసారి పైకి చూడండి: గడ్డి పోగులు వేలాడుతుంటాయి, నీలం టార్పాలిన్ ముక్క ఇరుక్కుని ఉంటుంది, అడ్డ పట్టా కింది అంచు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లారీ రంగులు ఒకదాని మీద ఒకటి గీసుకుని ఉంటాయి. బ్రిడ్జి తినాల్సిన దెబ్బలన్నీ అది తిన్నది. రైలుకి అది చాలు. లారీకి చాలదు. అక్కడిదాకా వచ్చేసిన డ్రైవరుకి తిరిగే చోటు లేక, ఎలాగైనా దూరిపోదామని ఆశ పుడుతుంది.

అందుకే ఊరివాళ్ళు అడగాల్సింది ఇంకో రెండు. లారీ తిరగగలిగిన చివరి మలుపు దగ్గర, అంటే కాలవ వంతెన సెంటరులోనో మెయిన్ రోడ్డు జంక్షనులోనో, పెద్ద బోర్డు: ముందు అండర్ బ్రిడ్జి, ఎత్తు ఇంత, అంతకు మించిన బండ్లు ఫలానా వైపు. ఎటు వెళ్ళాలో చెప్పని బోర్డు సగం బోర్డే. ఆ మలుపు దాటిన వెంటనే, అదే ఎత్తులో ఇనప తీగకి వేలాడదీసిన ప్లాస్టిక్ గొట్టాల వరస. అవి లోడుకి దడదడ తగిలితే డ్రైవరు ఉలిక్కిపడి ఆగుతాడు, ఎవరికీ దెబ్బ తగలదు. రోడ్డు ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్‌దా, మున్సిపాలిటీదా కనుక్కుని ఆ శాఖకి అర్జీ ఇవ్వండి. ఒక ప్రతి విజయవాడ రైల్వే డివిజన్ ఇంజినీరింగ్ విభాగానికి పంపండి. రాత్రి మెరిసే రేడియం అక్షరాలు అడగడం మరచిపోకండి.

రోడ్డు ఇంకో రెండడుగులు తవ్విస్తే పోలా?

డెల్టాలో ఇది చాలామంది ఆశ. రెండడుగులు తవ్వితే ఊట పైకి వస్తుంది. కాలవకి నీళ్ళు వదిలినన్నాళ్ళూ మోటారు ఆడుతూనే ఉండాలి, కరెంటు పోయిన రాత్రి దారి మడుగవుతుంది. లోతు పెరిగితే వాలు కూడా పొడుగు పెరగాలి, లేకపోతే ట్రాక్టరు ఎక్కదు. బ్రిడ్జి పునాది పక్కన మట్టి తీయడం రైల్వే అనుమతి లేకుండా చేస్తే నేరం, ప్రమాదం. పెద్ద బండ్లు రోజూ తిరిగే దారైతే పై వంతెనే అడగండి.

సెన్సార్లు పెడితే సరిపోదా? విదేశాల్లో ఉన్నాయి కదా?

ఉన్నాయి. రోడ్డుకి అడ్డంగా ఆ ఎత్తులో కిరణం పంపి, బండి దాన్ని కోస్తే ముందున్న లైట్లు వెలిగేలా చేస్తారు. అమెరికాలో డర్హమ్ అనే ఊళ్ళో 11 అడుగుల 8 అంగుళాల రైలు వంతెన ఉండేది. దెబ్బ కాచుకునే ఇనప దూలం పెట్టారు, 2016లో సెన్సారుతో ఎర్ర లైటు పెట్టారు, అయినా లారీలు గుద్దుతూనే ఉన్నాయి. 2019లో వంతెననే 8 అంగుళాలు పైకి లేపారు, ఆ తరవాత కూడా తగిలిన బండ్లున్నాయి. సిడ్నీలో ఒక సొరంగం ముందు నీటి తెర కురిపించి దాని మీద ఆగుము గుర్తు వేస్తారు. ఆ ఖర్చు మన ఊరి దారికి అక్కర్లేదు. వేలాడే గొట్టాలకి కరెంటు అవసరం లేదు, రిపేరు తేలిక. ముందు అది పెట్టించుకుందాం.

వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళ్ళేటప్పుడు?

విగ్రహం ఆర్డరిచ్చే రోజే దారి కొలవండి. ట్రాక్టరు ట్రక్కు బెడ్డు, కింద బల్ల, విగ్రహం, కిరీటం వెనక చక్రం, గొడుగు అన్నీ కలిపిన ఎత్తు చూడాలి. ఊరేగింపు అనుమతి కాగితంలో రైలు లైను ఎక్కడ దాటుతారో రాయండి. గేటు దగ్గర విగ్రహం పైకెక్కి కర్రతో తీగ లేపే పని ఎవరూ చేయకూడదు. వీధి తీగల దగ్గర కూడా చేయకూడదు, రైలు తీగ దగ్గరైతే బతకరు.

కోత మిషను పట్టడం లేదని కుర్రాళ్ళు హైట్ గేజ్ కోసేశారు. ఇప్పుడేం చేయాలి?

అదే రోజు 139 కి చెప్పి, బ్రిడ్జి నంబరు ఇవ్వండి. గేజ్ లేని బ్రిడ్జికి వచ్చే తరవాతి దెబ్బ నేరుగా గర్డరుకే. కొత్తది పెట్టేదాకా రెండు వైపులా చివరి మలుపులో డ్రమ్ములు పెట్టి, రాత్రి లైటు కట్టి, ఎత్తు బండ్లని మళ్ళించడానికి పంచాయతీ మనిషిని పెట్టండి. కోత మిషను యజమానులతో కూర్చుని చుట్టుదారి తేల్చండి. ఆ చుట్టుదారిలో తెగిన గట్టో విరిగిన తూమో ఉంటే సీజనుకి ముందే బాగుచేయించండి, లేకపోతే కొత్త గేజ్‌ని కూడా కోసేస్తారు.